రెండు కాపురముల కంప్యూటరు: అందలి సొత్తునకు ప్రతి తీయు విధము



ఒకప్పుడు భోషాణములలోను, తాటాకు పెట్టెలలోను ఉండిన మన యింటి వ్రాతలు నేడు చాలవఱకు కంప్యూటరులోనికి చేరినవి. పొలము దస్తావేజుల నకళ్లు, పెండ్లి ఫోటోలు, దూరదేశమందున్న పిల్లలు వ్రాసిన యుత్తరములు, సంఘము లెక్కలు, ఇవన్నియు అరచేయంత డిస్కులో నిమిడియున్నవి. భోషాణమునకు చెద పట్టినచో ముందుగా మట్టి రాలును; మనకు తెలియును. డిస్కు చెడునపుడు పలుమాఱు ఏ సూచనయు నుండదు. కావున అందలి సొత్తునకు ప్రతి తీసి వేఱొకచోట నుంచుకొనుట యెట్లు, ముఖ్యముగా ఒకే యంత్రములో రెండు వ్యవస్థలు కాపురమున్నపుడు ఎట్లు అనునది నేటి ప్రసంగవిషయము.

నేనీ విద్యను ముందుచూపుచేత నేర్చుకొనలేదు, నష్టపడి నేర్చుకొంటిని. మా మేనత్తగారు దంపుళ్ల పాటలు, తిరుగటి పాటలు, అప్పగింతల పాటలు ఎన్నో యెఱిగినవారు. రెండు వేసవులు ఆమె యెదుట కూర్చుండి 43 పాటలను ఆమె గొంతుననే రికార్డు చేసితిని. వానిని నా కంప్యూటరులో నుంచి, జాగ్రత్తపరుడనని తలంచుకొని, అదే డిస్కులోని రెండవ భాగమున మఱొక ప్రతి నుంచితిని. 2019 వర్షాకాలమున ఒకనాటి యుదయము ఆ డిస్కు టకటకమని రెండుమాఱులు చప్పుడు చేసి నిలిచిపోయినది. పట్టణమున బాగుచేయువారికి చూపితిని. లోపలి పలక గీచుకొనిపోయినదనియు, చేయగలిగినదేమియు లేదనియు చెప్పిరి. అప్పటికి మేనత్తగారు గతించి ఎనిమిది నెలలు. నా మేనకోడలు వినుటకై తన పెన్‌డ్రైవులో వేసికొనిపోయిన 11 పాటలు మిగిలినవి. తక్కిన 32 పాటలు ఆమెతోనే పోయినవి. ఒకే యింటి రెండు గదులలో దాచిన విత్తనములు ఇల్లు కాలినపుడు రెండును కాలునని, రైతుబిడ్డనై యుండియు, నాకు తోచలేదు.

ఇక యంత్రము సంగతి. కంప్యూటరును నడిపించు మూల ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. దానినే నేను వ్యవస్థ యనుచున్నాను. విండోస్ అనునది అమెరికా దేశపు మైక్రోసాఫ్ట్ కంపెనీవారిది. లైనక్స్ అనునది 1991లో ఫిన్లండు దేశమున లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి మొదలుపెట్టినది. దానికి వెల లేదు, లోపలి వ్రాతను ఎవరైనను చదివి మార్చుకొనవచ్చును. కొందఱు రెండింటిని ఒకే డిస్కులో నుంచుకొందురు. మా యింట అట్లే జరిగినది. లెక్కల ప్రోగ్రామొకటి విండోస్‌లో తప్ప నడువదు. తక్కిన పనులకు లైనక్స్ హాయిగా నున్నది. విండోస్ 10 అను కూర్పునకు మైక్రోసాఫ్ట్‌వారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, పాత యంత్రములు గలవారు కొందఱు దాని ప్రక్కనే లైనక్స్‌ను చేర్చుకొనుచున్నారు.

అన్నదమ్ముల పంపకముతో పోల్చి చెప్పినచో ఇది సులభముగా బోధపడును. తాతనాటి యిల్లు ఒకటి. మధ్య గోడ పెట్టి తూర్పు భాగము అన్నయు, పడమటి భాగము తమ్ముడును తీసికొనిరి. వీధివాకిలి మాత్రము ఉమ్మడి. ఎన్ని గజముల వఱకు ఎవరిదో పంపకపు దస్తావేజులో వ్రాసియున్నది. డిస్కులోను ఇదే యేర్పాటు. డిస్కు మొదట హద్దుల పట్టిక యుండును. పాత పద్ధతి డిస్కులలో అది మొదటి 512 బైట్లలోనే యిమిడియుండును; అందును హద్దులకు కేటాయించినవి 64 బైట్లు మాత్రమే, అవియు నాలుగు భాగములకు. జీపీటీ యను క్రొత్త పద్ధతిలో పట్టిక పెద్దది; దాని నకలొకటి డిస్కు చివరను గూడ ఉండునట్లు దానిని రూపొందించినవారే యేర్పఱచిరి. ఉమ్మడి వాకిలికి ఈఎఫ్‌ఐ విభాగమని పేరు. అది చిన్నది, రెండు వ్యవస్థల ద్వారపాలకులును అందే కూర్చుండియుందురు. ఆ పిమ్మట అన్న యిల్లు విండోస్, తమ్ముని యిల్లు లైనక్స్.

ఇక్కడ నొక హెచ్చరిక చేయవలసియున్నది. విండోస్‌ను మఱల నెక్కించినపుడు అది వాకిటిలో తన ద్వారపాలకునే ముందు నిలుపును. లైనక్స్ కనబడకుండ పోవును. అంతయు పోయినది, డిస్కు తుడిచి మొదటినుండి వేసెదమని తొందఱపెట్టువారు గలరు. వలదని చెప్పుడు. ద్వారపాలకుడు మాఱినంత మాత్రమున తమ్ముని యిల్లు కూలలేదు. వాకిటిని సరిచేసినచో లోపలివారు లోపలనే యుందురు. తుడిచిన తరువాత మాత్రము ఎవరును చేయగలిగినది స్వల్పము.

ఈ పనులకు బొమ్మలపై మౌసుతో నొక్కు ప్రోగ్రాములును గలవు. అయినను నేను కమాండునే, అనగా అక్షరములతో వ్రాయు ఆజ్ఞనే, మెచ్చుకొందును. బొమ్మలపై నొక్కి చేసిన పని రేపటికి జ్ఞప్తి యుండదు. ఆజ్ఞయన్ననో ఒక వాక్యము. కాగితముపై వ్రాసికొనవచ్చును, ఫోనులో మనుమనికి చదివి వినిపించి తప్పొప్పు లడుగవచ్చును, పదియేండ్ల పిమ్మట అదే వాక్యమును మఱల వ్రాయవచ్చును. దస్తావేజులు వ్రాయించి చదివించుకొని సంతకము చేయు అలవాటుగల మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు.

ఆజ్ఞలతో నడుచు ఈ సాధనములలో ప్రధానమైనది టార్. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో ఇది మొదట కనబడినది. టేప్ ఆర్కైవ్ అను రెండు మాటలను కుదించి ఆ పేరు పెట్టిరి. ఆనాడు ప్రతులను అయస్కాంతపు టేపుచుట్టలపై నెక్కించెడివారు. మన యిండ్లలో టేపుచుట్టలు పోయినవి గాని టార్ పోలేదు. అది చేయు పని మిక్కిలి సామాన్యము. కళ్లములో బస్తాలకు ఒక్కొక్క చీటి కట్టి వరుసగా బండిమీద పేర్చినట్లు, ప్రతి ఫైలుకు ముందు 512 బైట్ల చీటి నొకదానిని వ్రాసి, దాని వెనుక ఆ ఫైలును యథాతథముగా నుంచును. చీటిలో ఫైలు పేరు, పరిమాణము, యజమాని, ఎవరు చదువవచ్చును ఎవరు మార్చవచ్చునను హక్కులు, చివరిసారి మార్చిన కాలము ఉండును. చీటిలోని యంకెలు చెడలేదని సరిచూచుకొనుటకు వాని మొత్తమును గూడ అందే వ్రాయును. అన్నియు నైన పిమ్మట రెండు ఖాళీ దిమ్మలుంచి ముగించును. ఇట్లు వేలకొలది ఫైళ్లు ఒక్క ఫైలగును. మధ్య నొక బస్తా తడిసినను, తరువాతి చీటి దొరికినచో మిగిలిన బస్తాలు దక్కును.

ఆ కూర్పును కుదించుటకు జీజిప్ అను వేఱొక సాధనము గలదు. 1992లో జాన్‌లూ గాయీ, మార్క్ ఆడ్లర్ అనువారు దీనిని వెలువరించిరి. ఉత్తరములు, లెక్కలు దీనితో బాగుగా తగ్గును. ఫోటోలు, పాటలు సాధారణముగా మున్నే కుదింపబడిన రూపమున నుండును గనుక మఱల కుదించినను తగ్గవు. పైగా కుదించిన కూర్పులో మధ్య నొకచోట చెడినచో, అటుపై నున్నదంతయు సామాన్యముగా చదువ నలవి గాదు. బస్తాలన్నిటిని విప్పి ఒకే గుట్టగా పోసిన చందమగును. కావున పాటలను నేను కుదింపను. ఈ విషయమున వేఱు అభిప్రాయముగలవారు కలరు. ఒకసారి పోగొట్టుకొన్నవాడను గనుక నా పట్టు నాది.

ఆజ్ఞ వ్రాయు విధము చెప్పెదను. టార్ అని వ్రాసి, ఒక ఖాళీ విడిచి, చిన్న అడ్డుగీత పెట్టి, దానికి తగిలించి ఇంగ్లీషు చిన్నబడి యక్షరములు వ్రాయవలెను. సీ యనగా కూర్చుము. ఎక్స్ అనగా విప్పుము. టీ యనగా విప్పకయే పట్టిక చూపుము. వీ యనగా చేయుచున్న పని పైకి చెప్పుచుండుము. జెడ్ అనగా జీజిప్‌తో కుదింపుము. ఎఫ్ అనగా నా వెంట వచ్చునది కూర్పు పేరు. అటుపై కూర్పు పేరును, ఆపై కూర్పవలసిన ఫోల్డరు పేరును వ్రాయవలెను. ఈ యక్షరములలో ఎఫ్ చివర నుండవలెను. నేనొకసారి సీ, ఎఫ్, జెడ్ అను వరుసలో వ్రాసితిని. యంత్రమునకు వ్యాకరణమే గాని ఉద్దేశ్యము తెలియదు. ఎఫ్ వెంటనున్నది జెడ్ గనుక, జెడ్ అను పేరుతోనే కూర్పు చేసి, నేను పెట్టదలచిన పేరుగల ఫైలు ఎక్కడను లేదని తిరిగి నాతోనే చెప్పినది. ఇది నవ్వుకొనదగిన తప్పు. నవ్వరాని తప్పు వేఱొకటి గలదు: విప్పదలచి ఎక్స్‌కు బదులు సీ వ్రాసి, వెనుక నొక ఫోల్డరు పేరును గూడ వ్రాసితిమా, పాత కూర్పు తుడిచిపోయి దాని స్థానమున క్రొత్తది లేచును.

ప్రతి తీయునపుడు రెండు కాపురములును నిద్రించుచుండవలెను. కొలుచుచున్న రాశిలోనికి ఒకరు ధాన్యము పోయుచు మఱొకరు తీయుచు నుండగా లెక్క కుదురదు గదా. అందుచేత లైవ్ యూఎస్‌బీ యను పెన్‌డ్రైవునుండి యంత్రమును లేపవలెను. అందు ఒక సంపూర్ణమైన లైనక్స్ వ్యవస్థ యుండును. మనము చెప్పనిదే అది లోపలి డిస్కుపై నేమియు వ్రాయదు. పిమ్మట ప్రతి నుంచుకొనవలసిన బయటి డిస్కును తగిలించి, ఎల్‌ఎస్‌బీఎల్‌కే యను అక్షరములను వరుసగా వ్రాసినచో, తగిలియున్న డిస్కులును, వాని భాగములును, పరిమాణములును వంశవృక్షమువలె తెరపై కనబడును. ఒకదానికి ఎస్‌డీఏ యని, మఱొకదానికి ఎస్‌డీబీ యని పేర్లుండవచ్చును. ఈ పేర్లు స్థిరములు కావు; నిన్న ఎస్‌డీఏ యైనది నేడు ఎస్‌డీబీ కావచ్చును. పరిమాణమును చూచి పోల్చుకొనవలెను. నేను వానిని కాగితముపై వ్రాసికొని, వేలు పెట్టి చూపుచు పైకి చదువుదును. ఇంటివారు నవ్వుదురు, నవ్వనిండు.

బయటి డిస్కు విషయమున నొక చిక్కు గలదు. పెన్‌డ్రైవులు పెక్కు ఫ్యాట్32 అను పద్ధతిలో సిద్ధపఱుపబడి వచ్చును. ఆ పద్ధతిలో ఏ యొక్క ఫైలును 4 జీబీల పరిమాణమును అందుకొనరాదు. 2020లో నేను క్రొత్త యంత్రమునకు మొదటి ప్రతి తీయునపుడు, ఆజ్ఞ యిచ్చి భోజనమునకు పోయితిని. తిరిగి వచ్చి చూడగా పని నిలిచియున్నది. ముగిసినదనుకొని, తెరపైని చివరి వాక్యమును చదువక, దానిని తీసి బీరువాలో పెట్టితిని. ఆ వాక్యము ఫైలు మితిమీరినదని చెప్పుచుండవలెను. ఏడు నెలలు ఆ తెగిపోయిన కూర్పును నమ్ముకొని నిద్రించితిని. ప్రతికై వేఱుగా నొక డిస్కు కొని, దానిని లైనక్స్‌వారి ఈఎక్స్‌టీ4 పద్ధతిలో సిద్ధపఱచుకొనుట మేలు. అది వీలుకానిచో స్ప్లిట్ అను సాధనముతో కూర్పును 4 జీబీలకు లోబడిన తునకలుగా విడగొట్టవచ్చును.

మొదట దస్తావేజునకు ప్రతి తీయవలెను. ఎస్‌ఎఫ్‌డిస్క్ అను సాధనమునకు డంప్ అను మాట చేర్చి ఆజ్ఞ యిచ్చినచో హద్దుల పట్టిక యంతయు అక్షరములలో వెలువడును. మా డిస్కునకు పది పన్నెండు పంక్తులకు మించలేదు. దానిని ఫైలుగా నుంచుటయే గాక, కాగితముపై ముద్రించి పొలము కాగితములతో కట్టియుంచితిని. క్రొత్త డిస్కు తెచ్చినపుడు ఆ పట్టికనే యంత్రమున కిచ్చినచో గోడలు పాతచోట్లనే లేచును.

వాకిలి చిన్నది గనుక దానిని డీడీ యను సాధనముతో బైటు తప్పక ఎత్తి యుంచవచ్చును. ఈ పేరు ఐబీఎం కంపెనీవారి పాత యంత్రముల ఆజ్ఞాభాషనుండి వచ్చినది. డీడీ లోపలనున్నదేమి యని విచారింపదు. మొదటినుండి చివరవఱకు ఉన్నదున్నట్లు ఎత్తును. ఐఎఫ్ అనగా ఎక్కడనుండి. ఓఎఫ్ అనగా ఎక్కడికి. ఈ రెండును తాఱుమాఱైనచో ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కుపై కూర్చుండును. నిశ్చయమేనా యని అది మనల నడుగదు. మొత్తము డిస్కునే డీడీతో ఎత్తినచో దస్తావేజు, వాకిలి, ఇండ్లు రెండును ఒక్కసారి వచ్చును గదా యని కొందఱడుగుదురు. వచ్చును. కాని 500 జీబీల డిస్కులో 60 జీబీలే నిండియున్నను 500 జీబీలును ఎత్తవలెను. ఖాళీ గదులలోని గాలిని గూడ మూటకట్టినట్లగును. తిరిగి దింపుటకును అంతకు తక్కువ కాని డిస్కే కావలెను.

తమ్ముని యింటికి, అనగా లైనక్స్‌కు, టార్ సరిపోవును. లైవ్ వ్యవస్థలో ఆ భాగమును మౌంటు చేసి, అనగా ఒక ఫోల్డరువలె తెఱచి, అందులోనికి పోయి, ఇక్కడ నున్నదంతయు నని తెలుపు చుక్కను చివర వ్రాసి కూర్పు చేయవలెను. రూట్ అను సర్వాధికారముతో చేయనిచో కొన్ని గదుల తాళములు రావు. ఈ యింటి హద్దు దాటవలదని చెప్పుటకు వన్ ఫైల్ సిస్టమ్ అను మాటను చేర్చుట మంచిది. అయితే హోమ్ అను ఫోల్డరును, అనగా మన సొంత వ్రాతలుండు గదిని, కొందఱు వేఱు భాగమున నుంచుకొందురు. అట్టివారు దానికి ప్రత్యేకముగా ప్రతి తీయనిచో ముఖ్యమైనదే బయట మిగిలిపోవును. న్యూమరిక్ ఓనర్ అను మాట మఱియు ముఖ్యము. లైనక్స్‌లో యజమాని పేరు పైకి కనబడునదే. లోపల నున్నది సంఖ్య. ఇంటిలో మొదటి వాడుకరికి సాధారణముగా 1000 అను సంఖ్య యుండును. లైవ్ వ్యవస్థలో అదే సంఖ్య వేఱొక పేరున నుండవచ్చును. పేర్లనుబట్టి విప్పినచో ఒకరి సొత్తు మఱొకరి ఖాతాలో చేరుట గలదు. ఊరిలో ఒకే పేరుగల పట్టాదారులిద్దఱున్నపుడు ఖాతా నెంబరునుబట్టి తేల్చుకొందుము గదా, ఇదియు అంతే. కూర్చునపుడును, విప్పునపుడును ఈ మాటను వ్రాయవలెను.

అన్న యింటికి టార్ చాలదు. విండోస్‌వారి ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి 1993లో వచ్చినది. అందు హక్కుల వ్రాత వేఱు ధోరణిది. లైనక్స్ నుండి మామూలుగా తెఱచి టార్‌తో కూర్చినచో ఫైళ్లు వచ్చును గాని ఆ హక్కుల వ్రాతలన్నియు రావు. అట్టి ప్రతిని దింపినచో విండోస్ లేచునని నమ్మరాదు. దీనికి ఎన్‌టీఎఫ్‌ఎస్‌క్లోన్ అను సాధనము తగినది. అది డీడీవలె దిమ్మలనే యెత్తును గాని, నిండిన దిమ్మలను మాత్రమే యేఱి కూర్పులో నుంచును.

అయితే అంతకు ముందు విండోస్‌ను నిజముగా నిద్రపుచ్చవలెను. ఫాస్ట్ స్టార్టప్ అను సౌకర్యమున్నపుడు, ఆగుమన్నను అది పూర్తిగా ఆగదు. తన స్థితిని డిస్కులో వ్రాసికొని సగము మెలకువతో పడుకొనును. అప్పుడు ఇతరులు ఆ యింటిలో వస్తువులు కదిపినచో, మేలుకొన్నపుడు దాని లెక్క తప్పును. విండోస్‌లోనే నిర్వాహకుని యధికారముతో కమాండు తెఱచి, పవర్‌సీఎఫ్‌జీ యని వ్రాసి, ఖాళీ విడిచి, ఏటవాలు గీతయు హెచ్ అను అక్షరమును వ్రాసి, మఱల ఖాళీ విడిచి, ఆఫ్ అని వ్రాసినచో ఆ యలవాటు మానును. మఱొక సంగతి. నేటి విండోస్ యంత్రములు పెక్కింటిలో బిట్‌లాకర్ అను తాళము, మనము వేయకయే, పడియుండవచ్చును. వాకిటిలో మార్పు కనబడినపుడు అది 48 అంకెల తాళపుసంఖ్య నడుగును. ఆఱేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఆ సంఖ్య యంత్రములోపలనే యున్నచో లాభమేమి? దానిని కాగితముపై వ్రాసి యుంచుడు.

ఇంతదూరము చెప్పిన పిమ్మట నా మనసులోని మాటను దాచుట న్యాయము కాదు. పై శ్రమలో సగము ఇంటిగోడల కొఱకు. విండోస్‌ను మఱల నెక్కించుకొనవచ్చును. లైనక్స్‌ను ఉచితముగా తెచ్చుకొనవచ్చును. లోకమున మఱెవరి వద్దను లేనిది మీ యింటి వ్రాత, మీ వారి ఫోటో, మీ మేనత్త గొంతు. అన్నియు చేయు ఓపిక లేనివారు ఆ ఫోల్డర్లను మాత్రమైనను టార్‌తో కూర్చి బయట పెట్టుడు. వీనికి హక్కుల వ్రాతలు పోయినను నష్టము లేదు గనుక విండోస్ వైపున్నవైనను టార్‌తో కూర్పవచ్చును. 2018 నుండి విండోస్ 10లోను టార్ చేరినది. కావున ఏ యింటిలో చేసిన కూర్పును ఆ రెండవ యింట విప్పికొనవచ్చును.

తాటాకుల కాలమున ప్రతి వ్రాయుట ఒక పని, వ్రాసినదానిని సరిచూచుట మఱొక పని. 19వ శతాబ్దమున కడపలో బ్రౌను దొరగారు పండితులను కూర్చుండబెట్టి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించినపుడు, ఒక్క ప్రతిని నమ్మక పలు ప్రతులను సేకరించి పోల్పించిరి. మనమును ఆ రెండవ పనిని మానరాదు. టార్‌కు టీ, ఎఫ్ అను అక్షరములిచ్చి పట్టికను చివరవఱకు చదివించినచో కూర్పు తెగియున్నదో లేదో తెలియును. 2021 జనవరిలో నేను ఇట్లు చదివించినపుడే, అనుకొనని చోట ఫైలు ముగిసినదని చెప్పి, నా యేడు నెలల భ్రమ వదలించినది. కంపేర్ అను మాట చేర్చినచో కూర్పులోని ప్రతి ఫైలును డిస్కులోని మూలముతో పోల్చి, తేడాలను చెప్పును. ఎస్‌హెచ్‌ఏ256సమ్ అను సాధనము ఎంత పెద్ద కూర్పునకైనను 64 అక్షరముల గుర్తు నొకదానిని కట్టి యిచ్చును. ఆ గుర్తును వ్రాసియుంచి, ఏడాది తరువాత మఱల కట్టించినపుడు అదే వచ్చినచో కూర్పు మాఱలేదని నమ్మవచ్చును.

ఇవన్నియు కూర్పు బాగున్నదని చెప్పును గాని, దానినుండి ఇల్లు లేచునని చెప్పవు. ఆ సంగతి దింపి చూచిననే తెలియును. నేను మా బావమఱది వద్ద మూలనున్న పాత యంత్రము నొకదానిని అడిగి తెచ్చి దింపితిని. ఫైళ్లన్నియు వచ్చినవి, లైనక్స్ మాత్రము లేవలేదు. సాయంకాలమంతయు తల పట్టుకొని కూర్చుంటిని. కారణము మిక్కిలి చిన్నది. ప్రతి భాగమునకు యూయూఐడీ యను దీర్ఘమైన గుర్తుసంఖ్య గలదు. భాగమును క్రొత్తగా సిద్ధపఱచినపుడు ఆ సంఖ్య మాఱును. కూర్పులో వచ్చిన ఎఫ్‌స్టాబ్ అను ఫైలు పాత సంఖ్యనే వెదకుచున్నది. ద్వారపాలకుడును పాత యింటినే చూపుచున్నాడు. బీఎల్‌కేఐడీ యను ఆజ్ఞతో క్రొత్త సంఖ్య తెలిసికొని, ఎఫ్‌స్టాబ్‌లో దిద్ది, గ్రబ్ అను ద్వారపాలకుని మఱల నియమించిన పిమ్మట ఇల్లు లేచినది. ఈ చిక్కు పాత యంత్రముపై వచ్చుట నా యదృష్టము. నిజముగా డిస్కు పోయిననాడు వచ్చియుండినచో ఆ కంగారులో నేను దేనినో తుడిచియుందును.

ప్రతి నెక్కడ నుంచవలెనను ప్రశ్న మిగిలినది. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకొనిపడిన ఉప్పెనను ఎఱిగినవారికి, ఒకే యూరిలో ఎన్ని పెట్టెలలో దాచినను ఒక్క చోట దాచినట్లేయని చెప్ప నక్కఱలేదు. నా 11 పాటలు, కుటుంబపు వ్రాతలు ఇప్పుడు యంత్రములో నొకటి, బీరువాలోని డిస్కులో నొకటి, నూఱు మైళ్ల దూరముననున్న మేనకోడలి యింట నొకటి యున్నవి. బీరువాలోని డిస్కును పని ముగిసిన వెంటనే ఊడదీయుదును. తగిలియున్న ప్రతి యంత్రముతోపాటు పిడుగునకును, వైరసునకును లోబడును. నెలకొకసారి పాటల ఫోల్డరును, మాఱినపుడు లైనక్స్ ఇంటిని కూర్చెదను. విండోస్‌ను ఏడాదికొకసారి. పాత కూర్పును, క్రొత్తది సరిచూచువఱకు, తుడువను.

ఆజ్ఞలన్నియు వరుసగా నొక కాగితముపై వ్రాసి, దాని క్రింద డిస్కు హద్దుల పట్టికను అంటించి, బీరువా తలుపునకు లోపలివైపున ఉంచితిని. నేను లేనపుడు దానిని చదివి పని జరుపగలరా యని తెలిసికొనుటకు, గత యుగాదికి వచ్చిన మేనకోడలిచేత పాత యంత్రముపై మొదటినుండి చేయించి చూచితిని. ఒక్కచోట నా చేతివ్రాతలో సున్నయో, ఓ అను అక్షరమో తెలియక ఆగినది. ఆ పంక్తిని విడివిడి యక్షరములతో తిరిగి వ్రాసి యంటించితిని.